రకారం పలకని పిల్లవాడి ఊరు

బెర్క్స్‌వెల్ స్టేషన్‌లో దిగినంత మాత్రాన బెర్క్స్‌వెల్ చేరినట్టు కాదు. మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉన్నట్టే, ఈ స్టేషన్ బాల్సల్ కామన్ అనే వేరే ఊళ్ళో ఉంది. అక్కడి నుంచి అసలు ఊరికి దాదాపు రెండు కిలోమీటర్ల నడక. ఆ సంగతి దిగాక తెలిసింది. పైన ముసురు. గొడుగు ఉంది గానీ, ఆ గాలికి నిలిస్తేగా!

కావెంట్రీ నుంచి ఇక్కడికి రైలులో పది నిమిషాలు పట్టదు. కాన్లీ, టైల్ హిల్, ఆ తర్వాత ఇదే. రానూపోనూ టికెట్టుకు ఇచ్చిన పౌండ్లను రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. ఆ డబ్బుతో విజయవాడ నుంచి విశాఖకు స్లీపర్‌లో వెళ్ళి రావచ్చు. ఈ దేశంలో ఉన్న మూడు వారాలూ ప్రతి కాఫీకీ ఈ లెక్క వేస్తూనే ఉన్నాను. మావాడు విసుక్కుంటూనే ఉన్నాడు.

వాడు కావెంట్రీలో చదువుకుంటున్నాడు. వాడితో కలిసి లండన్ చూశాను, వార్విక్ కోట చూశాను, షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ చూశాను. వాటి గురించి ఇప్పటికే ఎందరో రాశారు. నేను ఒంటరిగా వెళ్ళిన చోటు ఇదొక్కటే. రాయాలనిపించిందీ దీని గురించే.

నటుడు జెరిమీ బ్రెట్ పుట్టిన ఊరు ఇది. షెర్లాక్ హోమ్స్‌గా ఎందరో నటించారు. ఈ తరం పిల్లలకు కంబర్‌బ్యాచ్ తెలుసు. నా మటుకు నాకు హోమ్స్ అంటే బ్రెట్ ఒక్కరే. మాంచెస్టర్‌లోని గ్రనాడా టెలివిజన్ 1984 నుంచి 1994 వరకు తీసిన 41 కథల్లో ఆయనే హోమ్స్. తెల్లటి ముఖం, వెనక్కి దువ్విన నల్లటి జుట్టు, నిశ్చలంగా కూర్చుని ఉన్నట్టుండి కుర్చీ మీద నుంచి దూకే ఒళ్ళు, క్షణంపాటు మెరిసి మాయమయ్యే నవ్వు. అన్నిటికీ మించి ఆ మాట! ఒక్క అక్షరం కూడా నలగదు. వీణ తీగ మీటినట్టు ప్రతి పదం విడివిడిగా మోగుతుంది.

అంత మాట పలికిన మనిషి చిన్నప్పుడు రకారం పలకలేకపోయేవారు.

ఈ సంగతి నేను చదివింది మావాడికి ఏడేళ్ళప్పుడు. వాడి పేరులో మొదటి అక్షరమే ర. అది వాడి నోట ల అయిపోయేది. నేను బడిలో తెలుగు చెప్పే మనిషిని. ఊరి పిల్లలందరి చేత పద్యాలు పలికించేదాన్ని. నా కొడుకు లేచి తన పేరు చెబితే మాత్రం తరగతి అంతా నవ్వేది. ఒకరోజు హాజరు పిలిచినప్పుడు వాడు పలకడమే మానేశాడు. ఇంట్లో కూడా ర ఉన్న మాటలు తప్పించి మాట్లాడేవాడు. నీరు అనడు, మంచి తీర్థం అనబోయి అందులోనూ ర ఉందని గుర్తొచ్చి ఆగిపోయి, గ్లాసు చూపించేవాడు. ఆ గ్లాసు చూపించిన చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

అప్పట్లో మా సహోపాధ్యాయుడు ఒకరు హోమ్స్ సీడీలు ఇచ్చారు. రాత్రుళ్ళు కంప్యూటర్లో చూసేవాళ్ళం. ఈ నటుడెవరా అని వెతికితే ఆయన కథ దొరికింది. అసలు పేరు పీటర్ జెరిమీ విలియం హగ్గిన్స్. 1933 నవంబరు 3న పుట్టారు. తండ్రి సైన్యాధికారి. తల్లి క్యాడ్‌బరీ చాక్లెట్ల కుటుంబానికి చెందినవారు. చదివింది ఈటన్ బడిలో. అక్షరాలు కుదురుగా చదవలేని ఇబ్బంది ఒకటి, ఈ రకారం ఒకటి. కౌమారంలో నాలుకకు శస్త్రచికిత్స చేశారు. అది చేయించుకుని ఊరుకోలేదు, ఉచ్చారణ అభ్యాసాలు జీవితాంతం రోజూ చేశారట, నటన ఉన్న రోజూ, లేని రోజూ. నటుడవుతానంటే కుటుంబం పేరు వాడుకోవద్దని తండ్రి అన్నారు. అప్పుడు తన మొదటి సూటు లోపల కుట్టిన దర్జీ పట్టీ మీద ఉన్న 'బ్రెట్ అండ్ కో' చూసి ఆ పేరు పెట్టుకున్నారు.

ఇదంతా మావాడికి కథలా చెప్పాను. "ఈయనకు కూడా రాలేదా?" అని అడిగాడు. ఆ రాత్రి నుంచి ఒప్పందం కుదిరింది. నాలుక అంగిలికి తగిలించి పది నిమిషాల అభ్యాసం, ఆ తర్వాత ఒక హోమ్స్ కథ, వారం తప్పకుండా చేస్తే ఒక డైరీ మిల్క్. ఆ చాక్లెట్ వాళ్ళమ్మగారి కుటుంబానిదే అని చెబితే వాడికి ఎంత నమ్మకమో! రెండేళ్ళు పట్టింది.

లండన్‌లో, కథల్లో హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్‌కు వెళ్ళాం. స్టేషన్ బయట హోమ్స్ నిలువెత్తు కంచు విగ్రహం ఉంది. దుకాణాల నిండా పొగతాగే పైపులు, రెండు వైపులా అంచులున్న టోపీలు, అయస్కాంతం బిళ్ళలు. లేని మనిషి పేరు మీద అంత వ్యాపారం జరుగుతోంటే, పదేళ్ళు ఆ మనిషికి ప్రాణం పోసినవాడి ఫొటో ఒక్కటి కొందామంటే నేను అడిగిన దుకాణాల్లో దొరకలేదు. కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇక్కడికి బయలుదేరాను.

నడక బాగానే ఉంది. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు వేస్తున్న కొత్త వేగ రైలు మార్గం ఈ పొలాల మీదుగానే పోతుంది. ఒకచోట మట్టి గుట్టలు, కంచెలు. అవి దాటాక ఒక్కసారిగా నిశ్శబ్దం. కంచె మొక్కల మీద నల్లగా నీరెండిన బ్లాక్‌బెర్రీలు. నిమ్మకూరు వెళ్ళి ఎవరిని అడిగినా ఎన్టీఆర్ పుట్టిన ఇల్లు చూపిస్తారు కదా. ఆ అలవాటుతో నేను దారి పొడవునా ఒక బోర్డు కోసం వెతికాను. ఆయన పుట్టిన బెర్క్స్‌వెల్ గ్రాంజ్ సొంత నివాసం. ఎవరి ఇంటి గుమ్మం ముందో నిలబడి తొంగిచూడడం నాకు నచ్చదు, అటు వెళ్ళలేదు. ఊళ్ళో నేను తిరిగిన వీధుల్లో మాత్రం ఆయన పేరు ఎక్కడా కనిపించలేదు.

పచ్చిక మీద బొండ కొయ్య ఉంది. పూర్వం తప్పు చేసినవాళ్ళ కాళ్ళు బిగించేది. దానికి ఐదే రంధ్రాలు. జతలు జతలుగా ఉండాల్సినవి ఐదేమిటా అనుకుంటూ చర్చికి వెళ్ళాను. రాతి గోడలు, ముందు కట్టెలతో కట్టిన రెండంతస్తుల ముఖమండపం. లోపల ఒక పెద్దావిడ పువ్వులు సర్దుతున్నారు. ఎనభై ఏళ్ళు ఉంటాయి. నా తడిసిన చీర అంచు చూసి ముందు ఒక కుర్చీ లాగి వేశారు.

"ఎలుకను చూశారా?" అని అడిగారు.

నేను బెదిరి కాళ్ళు పైకి తీసుకున్నాను. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి, ఓక్ చెక్క మీద చెక్కిన బొటనవేలంత ఎలుకను చూపించారు. రాబర్ట్ థాంప్సన్ అనే యార్క్‌షైర్ వడ్రంగి తాను చేసిన ప్రతి సామాను మీదా ఒక ఎలుకను చెక్కేవాడట, అదే ఆయన సంతకం. తోక కొయ్య వెంట పాకి ఉంది. పిల్లలు తడిమి తడిమి వీపు నున్నగా మెరుస్తోంది. మా ఊరి శివాలయం నంది చెవులు ఇలాగే మెరుస్తాయని చెప్పాను. నంది చెవిలో కోరిక చెప్పుకుంటామంటే ఆవిడకు ఎంతో నచ్చింది.

ఐదు రంధ్రాల సంగతీ ఆవిడే చెప్పారు. ఒంటికాలి సైనికుడు ఒకడు, ఇద్దరు మిత్రులతో కలిసి తాగి గొడవ చేసేవాడట, వాళ్ళ కోసమే అలా చేయించారని ఊళ్ళో చెప్పుకుంటారు. తర్వాత నేను వచ్చిన పని చెప్పాను. జెరిమీ బ్రెట్ పేరు వినగానే ఆవిడ పువ్వులు పక్కన పెట్టారు.

"ఆయన హోమ్స్‌ను మా ఆయనా నేనూ ఒక్క వారం తప్పకుండా చూసేవాళ్ళం. చివరి వారాల్లో మాత్రం చూడలేకపోయాను."

నాకూ అంతే. ఆ చివరి కథలు మావాడికి చూపించలేదు. 1985 జులైలో ఆయన రెండో భార్య జోన్ క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత ఆయన మనసు కుదేలైంది. ఉన్మాదం, కుంగుబాటు ఒకదాని వెంట ఒకటి వచ్చే జబ్బు. దానికి వాడిన లిథియం వల్ల ఒళ్ళు నీరుపట్టింది. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం వల్ల గుండె అప్పటికే దెబ్బతిని ఉంది. కత్తిలాంటి ఆ ముఖం ఉబ్బిపోయి, మాట మధ్యలో ఊపిరి అందక ఆగడం తెర మీదే కనిపిస్తుంది. ఒక కథలో ఆయన ఆస్పత్రిలో ఉండిపోతే, హోమ్స్ అన్నగా వేసిన చార్ల్స్ గ్రే చేత పరిశోధన నడిపించారు. 1995 సెప్టెంబరు 12న లండన్‌లోని క్లాపమ్‌లో, తన ఇంట్లో గుండె ఆగి చనిపోయారు. అరవై ఒక్క ఏళ్ళు.

ఆవిడ ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చారు. ఈ దేశంలో లెక్క వేసుకోకుండా తాగిన టీ అదొక్కటే. అరగంటకు పైగా మాట్లాడుకున్నాం. నాకు ఎప్పటి నుంచో తొలిచే విషయం ఒకటి ఆవిడతో చెప్పాను. 1964లో వచ్చిన 'మై ఫెయిర్ లేడీ' సినిమా మొత్తం ఒక పూలమ్మే అమ్మాయి చేత సరిగ్గా మాట పలికించడం గురించే. అందులో ఆమెను ప్రేమించే ఫ్రెడ్డీ వేషం బ్రెట్‌ది. కోసి, సాధన చేసి మాట తెచ్చుకున్న మనిషి ఆ సినిమాలో ఉన్నారు! పైగా ఈటన్‌లో గాయక బృందంలో పాడిన గొంతు. తీరా సినిమాలో ఆయన పాటకు బిల్ షర్లీ గొంతు పెట్టారు. మనకు నటుడు ఒకరు, గాయకుడు ఒకరు కావడం మామూలే, ఎవరూ నొచ్చుకోరు. కానీ అంత కష్టపడి నాలుక తిప్పుకున్నవాడికి, తన నోటి నుంచి వేరే గొంతు రావడం ఎలా ఉండి ఉంటుంది?

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. "అందుకే హోమ్స్ దగ్గర అంత పట్టుబట్టి ఉంటారు" అన్నారు తర్వాత.

నిజమే అనిపించింది. షూటింగుకు కథల పుస్తకం వెంట తెచ్చుకుని, మూలంలో లేని మాట ఉంటే వాదించేవారని ప్రసిద్ధి. హోమ్స్ అలవాట్లన్నీ రాసిపెట్టుకున్న 77 పేజీల దస్తరం ఒకటి ఉండేది. అంత మూలాన్ని నమ్మిన మనిషి ఒక్కచోట మాత్రం దాటారు. 'ద డెవిల్స్ ఫుట్' కథలో హోమ్స్ తన మాదకద్రవ్యపు సిరంజీని సముద్రపు ఇసుకలో పాతిపెడతాడు. అది మూలంలో లేదు. పిల్లలు కూడా చూస్తున్నారని తెలిసి, హోమ్స్‌ను సృష్టించిన రచయిత కానన్ డాయిల్ కుమార్తె అనుమతి తీసుకుని అలా చేయించారు.

బయటికి వచ్చేసరికి వాన తెరిపి ఇచ్చింది. చర్చికి దగ్గరలోనే ఊరికి పేరు తెచ్చిన బావి ఉంది. బావి అంటారు గానీ చిన్న కోనేరు. నలుచదరంగా రాళ్ళు కట్టి, అడుగున ఆకులు కనిపించేంత తేటగా ఊట నీరు. పూర్వం ఇందులోనే జ్ఞానస్నానాలు ఇచ్చేవారట. చిన్న హగ్గిన్స్ కూడా ఇక్కడ వంగి చూసే ఉంటాడు, ఏ పిల్లవాడు నీళ్ళు చూడకుండా ఉంటాడు? వంగి ఒకసారి చెయ్యి ముంచాను. చల్లగా జివ్వుమంది.

స్టేషన్‌కు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. రైలుకు ఇంకా పావుగంట. ప్లాట్‌ఫారం మీద మైకులో ఒక స్త్రీ గొంతు ఊరి పేరు చెప్పింది. ఇంగ్లాండులో చాలా చోట్ల మాట మధ్యలో ర పలకరు, మింగేస్తారు. ఆమె నోట ఆ పేరులో ర లేనే లేదు. నేను అక్కడే నిలబడి మళ్ళీ ప్రకటన వచ్చేదాకా విన్నాను. రెండోసారీ లేదు.

ఫోను మోగింది. మావాడు.

"ఎక్కడున్నావమ్మా? ఇంకా రాలేదేమిటి?"

"బెర్క్స్‌వెల్‌లో."

"బెర్క్స్‌వెల్లా?" అన్నాడు వాడు, తెలుగువాడు పలికినట్టు, ర ఖణేల్మనేలా. "అక్కడేముంది?"

రైలు దీపాలు మలుపు తిరిగి కనిపించాయి. ఇంటికి వచ్చి చెబుతానన్నాను.