ఇంకో పది రోజులు నీళ్లు వదలమని ఊరంతా అడిగితే

ఏటా మార్చి నెలాఖరుకి గోదావరి డెల్టాలో ఒకటే మాట. కాలువలు అప్పుడే కట్టేయొద్దు, ఇంకో పది రోజులు నీళ్లివ్వండి. దాళ్వా, అంటే చలికాలంలో వేసే రెండో పంట, ఆలస్యమైన ఊళ్లో ఆ మాట అననివాళ్లు తక్కువ. నీటి సంఘం అధ్యక్షుడి మీద, సర్పంచి మీద, ఎమ్మెల్యే మీద అదే ఒత్తిడి. ఓటేసి గెలిపించినవాళ్లే అడుగుతుంటే నాయకుడు తలూపాలా, తనకు సరైందనిపించింది చేయాలా? ఏ విషయంలో ఏది చేయాలో కాలువ మీద చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదని నా నమ్మకం.

ముందు ఆ పది రోజుల సంగతి. కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010, సుమారు 120 రోజుల వరి రకం. డిసెంబరు 10న నారు పోస్తే ఏప్రిల్ 9కి కోతకొస్తుంది. జనవరి 5న పోస్తే మే 5. కోతకు పది రోజుల ముందు నీళ్లు తీసేయాలి కాబట్టి మొదటి రైతుకు మార్చి నెలాఖరు దాకా చాలు, రెండో రైతుకు ఏప్రిల్ 25 దాకా కావాలి. అలాంటి రెండో రైతులు ఎక్కువైన ఏడాది గడువు పెంచుతారు. పెంచిన ప్రతి రోజూ వేసవి పనుల్లోంచి పోయేదే. పూడిక తీయాలన్నా, లాకు తలుపులు మార్చాలన్నా, గుర్రపుడెక్క పీకాలన్నా కాలువ ఎండాల్సిందే. కొత్త కాంక్రీటు తడిపి ఉంచడానికే వారం, పది రోజులు పోతాయి. పనులు తెమలక జూన్‌లో నీళ్లు ఆలస్యం. సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్పులు ఆగస్టుకి జారతాయి. కోత నవంబరు తుపాన్లకు ఎదురుపడుతుంది. పడిపోయిన చేను ఆరి, కోసి, నూర్చేసరికి డిసెంబరు గడిచిపోతుంది. దాళ్వా నారు మళ్లీ జనవరిలోనే. మార్చిలో మళ్లీ అదే అర్జీ.

ఇంకో పది రోజులు కావాలా అంటే చేతులన్నీ లేస్తాయి. సార్వా కోతను తుపాన్ల నెలలోకి నెట్టుకుందామా అంటే ఒక్క చెయ్యీ లేవదు. రెండుసార్లూ అడిగింది అదే రైతులనే. అందుకే మెజారిటీ ఏమంది అని చూసేముందు వాళ్లను ఏమడిగారో చూడాలంటాను.

అలాగని మార్చిలో మొండికెయ్యడం వివేకం కాదు. చేను పొట్ట మీద ఉండగా నీళ్లు ఆపితే మిగిలేది తాలు గింజలే. నాయకుడు గట్టిగా నిలబడాల్సింది అక్టోబరు, నవంబరు నెలల్లో. దాళ్వా నారుకు ఆఖరి తేదీ అప్పుడే చెప్పాలి, పంచాయతీ బోర్డు మీద రాయించాలి. ఆ తేదీకి నారు పోయలేననుకున్న రైతుకు సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుము జల్లుకునే వీలుంటుంది. అదీ ముందే చెప్పాలి, విత్తనం అందేలా చూడాలి. ఆ పని చేయనివాడికి మార్చిలో కాదనే నైతిక హక్కు లేదు.

ఇంకో చిక్కు వంతుల దగ్గర. 30 క్యూసెక్కులు, అంటే సెకనుకు 30 ఘనపుటడుగులు, పారే పిల్లకాలువ కింద 1,800 ఎకరాలున్నాయనుకోండి. ఒక క్యూసెక్కు రోజంతా పారితే సుమారు 12 ఎకరాలకు రెండంగుళాల తడి. అంటే 30 క్యూసెక్కులకు రోజుకు 360 ఎకరాలు, ఐదు రోజుల్లో మొత్తం తడుస్తుంది. బరువు నేలలో రెండంగుళాలు ఆరు రోజులైనా నిలుస్తాయి కాబట్టి, ఇంకుడూ కారుడూ పోయినా, కాస్త కటకటగా సరిపోతుంది. కానీ ఎగువ వాళ్లు ఇంజన్లు పెట్టి నాలుగంగుళాలు నింపుకుంటే ఐదు రోజుల్లో తడిసేది 900 ఎకరాలే. కాలువ చివరనున్న శివారు చేలు నెర్రెలిస్తాయి. దీన్ని ఓటుకు పెడితే ఎగువ, మధ్య కలిసి ఎప్పుడూ గెలుస్తాయి, శివారు ఎప్పుడూ ఓడుతుంది. ఇక్కడ అధ్యక్షుడు ఎవర్నీ అడగకుండా వంతు శివారు నుంచి మొదలుపెట్టాలి. ఎగువ తూములు మూయించి, కాలువ చూసే లస్కరుతో పాటు రాత్రి కాపలాకు ఎగువ నుంచొకరిని, శివారు నుంచొకరిని పెట్టాలి. ఎగువ నుంచి మొదలుపెడితే తరుగు ఎంతైనా చివరివాడి నెత్తిన పడుతుంది. శివారు నుంచి వస్తే ఎగువ వాడికి తరుగు తగిలినా తూము పక్కనే ఉంటుంది కాబట్టి మర్నాడు సర్దొచ్చు.

అసలు సభలో లేచే ఆ చేతులు ఎవరివి? డెల్టాలో చాలా పొలం కౌలు మీద నడుస్తోంది. కాగితం లేని కౌలు రైతు పేరు నీటి సంఘం ఓటర్ల జాబితాకెక్కదు. ఓటు భూమి యజమానిది, ఎండిన పంట కౌలుదారుది.

రొయ్యల చెరువుల విషయంలో మెజారిటీ ఎలా తయారవుతుందో కూడా గమనించాలి. మధ్యలో ఒక వరి చేను, చుట్టూ రొయ్యల చెరువులు. ఉప్పు ఊట చేలోకి దిగుతుంది, కోత మిషనుకు దారి ఉండదు. ఆ రైతు చివరికి తనూ చెరువుకు ఒప్పుకుంటాడు. ఊరి తీర్మానంలో అది సమ్మతిగానే నమోదవుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్యనున్న కొల్లేరు చూడండి. 1999లో +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యమన్నారు, 2006లో చెరువు గట్లు కొట్టించారు, 2008లో శాసనసభే +3కి తగ్గించమని తీర్మానించింది. గట్లు అడ్డుపడి వరద సముద్రానికి పోయే ఉప్పుటేరుకు సాగక మునిగే ఊళ్లు ఆ లెక్కలో ఎక్కడ?

ఇంతా చెప్పి రైతుల మాట వినొద్దని అనడం లేదు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించారు. మురుగు కాలువలు పూడి చేలు మునుగుతున్నాయని, పెట్టుబడి తిరిగి రావడం లేదని వాళ్లు చెప్పింది వాళ్ల సొంత నష్టం. తన నష్టం గురించి జనం చెప్పేటప్పుడు నాయకుడి తెలివితేటలకు అక్కడ పని లేదు, వినాలి. నష్టం ఆ సభలో లేనివాడిదైనప్పుడే తన బుద్ధి వాడాలి.

1774లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ఓటర్లతో, అక్కడ పార్లమెంటుకు గెలిచిన ఎడ్మండ్ బర్క్ తన వివేకాన్ని వాళ్ల అభిప్రాయానికి అప్పగించనన్నాడు. 1780లో అక్కడ గెలిచే ఆశ లేక పోటీ నుంచి తప్పుకున్నాడు. తన వివేకమా, ఓటర్ల మాటా అంటే మన ఎమ్మెల్యేకు ఆ రెండు దారులూ ఇరుకే. 1985 పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్, అంటే పార్టీ ఆదేశం, కాదని ఓటేస్తే పదవికే ఎసరు. సర్పంచికి, నీటి సంఘం అధ్యక్షుడికి పార్టీ గుర్తుల్లేవు, విప్ లేదు. నిజంగా ఆలోచించి కాదనగల స్వేచ్ఛ ఎక్కువున్నది వాళ్లకే.

అలా కాదన్నప్పుడు నోటిమాటతో సరిపెట్టకూడదు. ఆ రోజు కాలువ గేజీ (నీటిమట్టం) ఎంత, శివారు తూము దగ్గర నీళ్లెన్ని అంగుళాలు, ఎందుకు ఒప్పుకోలేదు, మళ్లీ ఏ తేదీన కూర్చుంటాం, ఈ నాలుగూ మినిట్స్ పుస్తకంలో రాసి కాపీ బోర్డుకు అంటించాలి. ఆ తేదీకి శివారుకు నీళ్లు చేరకపోతే వంతు మార్చాలి, తన లెక్క తప్పిందని ఆ పుస్తకంలోనే రాయాలి.