కేసు రిపోర్టులో తీర్పు ఎక్కడ?

శ్రీకాకుళం చుట్టుపక్కల ఎంబీఏ చదివే విద్యార్థులకు ఒక సంస్థ సమస్యను వివరించే కథనం (కేసు) ఇచ్చి, ఏం చేయాలో రాయమంటారు. ఆ కేసు రిపోర్టులు దిద్దే నాకు వాటిలో తరచుగా కనిపించే లోపం వ్యాకరణానికి సంబంధించినది కాదు. సంస్థ ఎప్పుడు పుట్టింది, యజమాని ఎవరు, ఏ ఏడాది ఎంత అమ్మింది అంటూ కేసులో ఉన్న కథనే మళ్లీ ఇంగ్లీషులో అప్పజెప్పి, ఒక స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు) పట్టిక గీసి, ఆఖరున రెండు వాక్యాల సలహాతో ముగిస్తారు. దిద్దేవారు వెతికేది ఆ సలహానూ, దాన్ని నిలబెట్టే వాదననూ.

కేసులతో నేర్పే ఈ పద్ధతి పుట్టుకలోనే వాదన ఉంది. 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు 1919లో డీన్‌గా వచ్చిన వాలెస్ డోనమ్ న్యాయశాస్త్రం చదివినవాడు. కోర్టు తీర్పుల మీద తర్కించి నేర్చుకునే లా కళాశాలల అలవాటును ఆయన వ్యాపార విద్యలో బలంగా పాదుకొల్పాడు.

మన పిల్లలకు వాదించడం రాదనుకుంటే పొరపాటు. పలాసలోని ఒక జీడిపప్పు యూనిట్‌ను ఊహించి, అభ్యాసంగా ఇచ్చాను. సీజన్‌లోనే ఏడాదికి సరిపడా పిక్కలు కొనడం వల్ల సొమ్మంతా గోదాములో ఇరుక్కుపోయి, బ్యాంకు వడ్డీ పెరుగుతోందన్నది సమస్య. "అన్నీ ఒకేసారి కొనీసి వడ్డీ ఎందుకు కట్టాలి సార్? సగం ఇక్కడ కొని, మిగతా సగం దిగుమతి పిక్కలతో నడిపించొచ్చు కదండీ" అని ఒక అమ్మాయి వెంటనే అంది. ఆమె కాగితంలో మాత్రం "ది కంపెనీ హేజ్ వర్కింగ్ కేపిటల్ ప్రాబ్లమ్" (రోజువారీ నడపడానికి కావలసిన సొమ్ముకు ఇబ్బంది) అన్న వాక్యం తప్ప ఆ ఆలోచన జాడే లేదు. డిగ్రీ వరకు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు పడ్డాయి కనుక, సొంత మాట రాయడం అతిగా పోవడమని వారి భయం.

ఆ అమ్మాయి మాటనే అకడమిక్ ఇంగ్లీషులోకి తేవాలంటే ముందు వడ్డీ భారాన్ని చూపే ఎగ్జిబిట్ (కేసుకు జతచేసిన పట్టిక) సంఖ్యను చెప్పి, రెండు దారులనూ ఒకే కొలతలతో, అంటే ఖర్చు, పప్పు నాణ్యత, సరుకు ఆలస్యమయ్యే ప్రమాదంతో పోల్చి, ఆ తరువాతే ఒకదాన్ని సిఫారసు చేయాలి. గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద (విడిపోయిన పప్పు) ఎంత వస్తుందన్నది ధరను తేల్చే విషయం. పలాస వైపు పిల్లలకు అది కొట్టిన పిండే అయినా, రిపోర్టుకు తగదనుకుని వదిలేస్తారు. నాకైతే అదే అసలైన విశ్లేషణ అనిపిస్తుంది.

మాట బలం విషయంలో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. బ్యాలెన్స్ షీటులో స్పష్టంగా ఉన్న అప్పు గురించి "మే బి" అనీ, వచ్చే ఏడాది అమ్మకాల గురించి "విల్ డెఫినెట్లీ" అనీ రాస్తారు. లెక్కల్లో తేలినదాన్ని గట్టిగా చెప్పి, అంచనా దగ్గర "మే", "ఇజ్ లైక్లీ టు" వంటి మాటలతో తగ్గాలి. కేసులో జరిగిపోయిన సంగతులకు భూతకాలం, విశ్లేషణకు వర్తమానం అన్న నియమం రెండు పూటల్లో పట్టుబడుతుంది.

అందుకే ఇప్పుడు సిఫారసును ముందుగా తెలుగులోనే, ఎవరు, ఎప్పటికి, ఎంత ఖర్చుతో చేయాలో తేలేలా రాయించి, అది చూశాకే ఇంగ్లీషు చిత్తుప్రతి మొదలుపెట్టిస్తున్నాను. రిపోర్టులో మొదట కనిపించే ఎగ్జిక్యూటివ్ సమ్మరీని, అంటే మొత్తం సారాంశాన్ని, అన్నిటికన్నా చివర రాయిస్తున్నాను.