దోమతెర సంచుల్లో వరిగడ్డి: 45 రోజుల తూకం

మొదటి రోజు. గడ్డి మట్టిలో ఎంత త్వరగా చివుకుతుందో తూకం వేసి చూడాలన్న కోరిక సంక్రాంతి వెళ్లాక తీరింది. నైలాన్ దోమతెరను జానెడు సంచులుగా కుట్టి, బాగా ఎండిన వరిగడ్డిని రెండంగుళాల ముక్కలుగా నరికి, సంచికి 50 గ్రాముల చొప్పున నింపాను. సగం సంచుల్లో ఒట్టి గడ్డి, మిగిలిన సగంలో వరిగడ్డి, వేరుశనగ కట్టె (కాయలు కోశాక మిగిలే ఎండు మొక్క) సమపాళ్లలో ఉన్నాయి. ఒక్కో రకంలో సగం నీటితో తడిపి, సగం జీవామృతంలో (సూక్ష్మజీవులను పెంచేందుకు పులియబెట్టే పేడ ద్రావణం) ముంచి, జానెడు లోతున పాతిపెట్టి, గుర్తుకు రంగు దారాలు కట్టాను.

జీవామృతానికి 200 లీటర్ల కొలతను పదో వంతుకు తగ్గించాను: 20 లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, లీటరు ఆవుమూత్రం, బెల్లం, శనగపిండి చెరి 200 గ్రాములు, గుప్పెడు గట్టుమట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పూటపూటా కర్రతో కలిపాను. కుడివైపుకే తిప్పాలంటారు గాని, ఎడమవైపుకు తిప్పితే సూక్ష్మజీవులు అలుగుతాయని నేననుకోను.

15వ రోజు. మొదటగా తీసిన సంచి 61 గ్రాములు తూగింది! గడ్డి పెరగలేదు, తడి, మట్టి కలిసి తూగాయి. కడిగితే చివికిన పొడి కూడా కొట్టుకుపోతుంది కనుక, మూడు రోజులు ఎండబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మట్టి దులిపాకే తూచాలని తెలిసింది.

45వ రోజు. ఒట్టి గడ్డి నీటితో 39 గ్రాములు, జీవామృతంతో 35 గ్రాములు మిగిలింది. కట్టె కలిపినది నీటితో 28, జీవామృతంతో 26. వేరుశనగ కట్టె సహజంగానే త్వరగా కుళ్లుతుంది కాబట్టి ఈ తేడా అంతా గడ్డిదే అనలేను. అయితే సంచి విప్పి చూస్తే, కట్టెతో ఉన్న గడ్డిపోచలు నల్లబడి గోటికే తునుగుతున్నాయి. ఒట్టి గడ్డిలో ఆకుతొడుగులు పోయినా, కణుపులు పసుపుపచ్చగా, మైనం నిగారింపుతో అలాగే ఉన్నాయి. కారణం నత్రజని: వేరుశనగ కట్టెలో అది ఎక్కువ, వరిగడ్డిలో మాత్రం నత్రజని ఒక పాలుంటే కర్బనం సుమారు 80 పాళ్లు ఉంటుంది. సూక్ష్మజీవులను ఎన్ని పోసినా, వాటి ఒంటికి కావలసిన నత్రజని గడ్డిలో దొరకనప్పుడు మట్టిలోనిది లాక్కుంటాయి. మిగిలిన గడ్డిని కలిపేసిన పక్క మడిలో తోటకూర పాలిపోవడానికి కారణం అదేనని నా అనుమానం.

రకానికి రెండు చొప్పున సంచులు ఇంకా మట్టిలో ఉన్నాయి. వాటిని 90వ రోజున తీస్తాను. ఎండలు ముదురుతున్నందున వారానికి రెండు తడులు ఇస్తున్నాను.