ఆదివారం సాయంత్రం రెండు ఫోన్లు

యూటాలో మేముండే లీహై ఊళ్లో ఆదివారం వీధులు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చాలామంది పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచే చర్చికి వెళ్లిపోతారు. పోయిన వేసవిలో మాత్రం ఆదివారం సాయంత్రం ఏడయ్యేసరికి పక్కింట్లోనూ, మా ఇంట్లోనూ ఫోన్లు మోగేవి. వాళ్లకి పెద్దబ్బాయి సెబూ నుంచి, మాకు మావాడు రాజమండ్రి నుంచి. ఫిలిప్పీన్స్‌లో అప్పుడు సోమవారం పొద్దున తొమ్మిది, రాజమండ్రిలో ఆరున్నర.

ఆ పిల్లాడూ మావాడూ రెండో క్లాసు నుంచి కలిసి పెరిగారు. పక్కింటివాళ్లని అందరూ మార్మన్లు అంటారు. వాళ్లు ఇష్టపడే పేరు మాత్రం యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. ఆ ఇంట్లో కాఫీ, టీ ఉండవు. ఆ పిల్లాడి అమ్మ మా ఇంటికి వస్తే మజ్జిగో నిమ్మకాయ నీళ్లో ఇస్తాను. ఆ పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు వాడి గదిలో ఒక గాజు సీసా చూశాను. అందులో చిల్లర, డాలరు నోట్లు. మిషన్‌కి, అంటే సంఘం పంపిన చోట ఉండి మతప్రచారం చెయ్యడానికి, వెళ్లాలని దాచుకుంటున్నాడట. పెద్దయ్యాక ఒక కష్టమైన పనికి వెళ్లాలని వాడికి అప్పటికే తెలుసు.

మావాడికి ఆ తేడా హైస్కూల్లో తెలిసింది. ఇక్కడ చాలామంది పిల్లలు స్కూలు మధ్యలోనే ఒక పీరియడ్ పక్కనున్న చర్చి భవనానికి వెళ్లి మతపాఠం విని వస్తారు. స్నేహితులందరూ అటు వెళ్తే మావాడు లైబ్రరీలో కూర్చునేవాడు. ఒకరోజు కారెక్కగానే అడిగాడు: "అమ్మా, వాళ్లకి ఏదో ఉంది. మనకేముంది?" సౌత్ జోర్డన్‌లో గణేశుడి గుడికి, స్పానిష్ ఫోర్క్‌లో రాధాకృష్ణుల గుడికి తీసుకెళ్లాను. దణ్ణం పెట్టుకున్నాడు, ప్రసాదం తిన్నాడు. కానీ వాడు అడిగింది అది కాదని నాకు తెలుసు.

పక్కింటబ్బాయికి పద్దెనిమిది నిండాక పిలుపు వచ్చింది. 2012 అక్టోబరు ముందు మగపిల్లలు పంతొమ్మిది దాకా ఆగాల్సి వచ్చేదట. ఆ సాయంత్రం మమ్మల్నీ పిలిచారు. గోడమీద ప్రపంచపటం, దానిమీద ఒక్కొక్కరూ ఎక్కడికి పంపుతారో ఊహించి గుచ్చిన పిన్నులు. ఏ దేశానికి పంపాలో సంఘం పెద్దలే నిర్ణయిస్తారు. వాడు లాప్‌టాప్ తెరిచి, గొంతు వణుకుతుండగా చదివాడు. ఫిలిప్పీన్స్, సెబూ. సెబువానో భాషలో పనిచెయ్యాలి. రెండేళ్లు. జీతం లేదు, పైగా అమెరికాలో ఉన్న కుటుంబం నెలకు 500 డాలర్లు కట్టాలి. మరి చదువో, అని ఆవిణ్ణి అడిగాను. యూనివర్సిటీవాళ్లు సీటు అట్టే పెడతారు అంది. ఒక్క సెమిస్టర్ ఖాళీ వస్తేనే కొంప మునిగినట్టు టెన్షన్ పడే ఇళ్లు మావి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెళ్లే ముందు వాడు మా వంటింటికి వచ్చాడు. అక్కడ చేత్తో తింటారట ఆంటీ, నేర్పిస్తారా అన్నాడు. పప్పు, అన్నం, నెయ్యి వేసి, ముద్ద ఎలా కలపాలో, బొటనవేలితో ఎలా నోట్లోకి తొయ్యాలో చూపించాను. మొదట్లో అరచెయ్యంతా పూసుకున్నాడు. బకెట్, చెంబుతో స్నానం ఎలా చెయ్యాలో మావాడు చెప్పాడు. రాజమండ్రిలో నానమ్మ దగ్గర నేర్చుకున్న విద్య అది. చాలా రోజుల తర్వాత మావాడు తనకు తెలిసినదాన్ని గర్వంగా చెప్పడం విన్నాను.

యూటాలోనే ప్రోవో అనే ఊళ్లో వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది. 50కి పైగా భాషలు నేర్పుతారు. కష్టమైన భాషలకు దాదాపు తొమ్మిది వారాలు. పూర్తిగా నేర్చుకున్నాక మాట్లాడదాం అనుకోవడం ఉండదు. వచ్చిన నాలుగు ముక్కలతోనే మొదటి రోజుల నుంచి ప్రార్థన చెయ్యాలి, తప్పులతోనే మాట్లాడాలి. సెబూ వెళ్లాక దినచర్య కూడా అంత పట్టుగానే ఉండేది. ఆరున్నరకు లేవడం, అరగంట వ్యాయామం, ఒంటరిగా కాసేపు, జతగా వేసిన ఇంకో మిషన్ కుర్రాడితో కాసేపు చదువు, తర్వాత రాత్రి తొమ్మిది దాకా ఊళ్లో తిరగడం, పదిన్నరకు పడక. జతగాడిని వదిలి ఎక్కడికీ వెళ్లకూడదు. ఆరు వారాలకోసారి ఊరో జతో మారవచ్చు. తెల్లచొక్కా, గుండెమీద నల్ల బ్యాడ్జి, దానిమీద ఎల్డర్ అని, పక్కన ఇంటిపేరు. సొంతపేరుతో పిలిచేవాళ్లు ఉండరు. సినిమాలు లేవు, అమ్మాయిలతో తిరగడాలు లేవు. బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరం రాయడానికి వారానికి ఒక రోజు. 2019 ఫిబ్రవరి దాకా ఏడాదికి రెండేసార్లు ఫోన్, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. ఇప్పుడు వారానికోసారి మాట్లాడనిస్తారు. తన తమ్ముడు మిషన్‌లో ఉన్నప్పుడు వాళ్లమ్మ మే నెల కోసం రోజులు లెక్కపెట్టుకునేదని ఆవిడ చెప్పింది.

వాడి ఉత్తరాలు ఆవిడ నాకు చదివి వినిపించేది. కొబ్బరాకుతో అల్లిన చిన్న బుట్టలో అన్నం వండి వేలాడదీసి అమ్ముతారట, పేరు పూసో. ఇంటి ముందుకెళ్లి తలుపు కొట్టరట, గేటు దగ్గర నిలబడి "అయో" అని పిలుస్తారట. పెద్దవాళ్లు కనబడితే వాళ్ల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటారట. ఇవన్నీ ఆవిడకు వింతలు. నాకు మాత్రం మా అమ్మమ్మగారి వీధిలో "ఏమండీ, ఎవరున్నారు లోపల" అన్న కేక వినిపించింది.

మూడో నెల ఉత్తరాలు వేరుగా ఉన్నాయి. జతగాడితో పడటం లేదు. రోజంతా తిరిగితే కూర్చోమన్నవాళ్లు ఇద్దరు, వచ్చే వారం రమ్మని కనబడకుండా పోయినవాళ్లు ఆరుగురు. వర్షంలో చెప్పులు తెగిపోయాయి. ఆవిడ చదువుతూ ఆగిపోయింది. నేను పక్కన కూర్చున్నాను, అంతే.

ఒక మాట చెప్పాలి. ఇంకొకరి మతం మార్చడానికి పిల్లల్ని పంపడం నాకు ఇప్పటికీ ఒప్పుదల కాదు. అది ఆవిడతోనే అన్నాను. ఆవిడ బాధపడింది గానీ దూరం కాలేదు. మీ ఊళ్లోనూ మావాళ్లు ఉన్నారని చెప్పింది. సమోవాలో ఈ సంఘంలో చేరిన ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారట. ఇండియాలో మొదటి స్టేక్, అంటే కొన్ని చర్చిలు కలిసిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడిందట. నేను హైదరాబాదు పిల్లనై ఉండీ ఇది వినలేదు. మా అభిప్రాయాలు కలవలేదు. అయినా ఆ పిల్లాడు చేస్తున్న కష్టం మీద నాకు గౌరవం ఏమాత్రం తగ్గలేదు.

ఆరో నెలలో ఒక ఆదివారం ఫోన్ వచ్చేసరికి మావాడు కూడా పక్కింట్లోనే ఉన్నాడు. వీడియో కాల్‌లో ఒక ముసలావిడ ఆ పిల్లాడి దగ్గరకొచ్చి ఏదో అడిగింది. వాడు ఆవిడవైపు వంగి సెబువానోలో గలగలా మాట్లాడాడు. ఆవిడ నవ్వి వాడి బుగ్గ తట్టింది. మావాడు చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు మా అత్తగారికి ఫోన్ చేశాం. "బాగున్నావా నానమ్మా, తిన్నావా, నేను తిన్నాను" అని ఎప్పటిలాగే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. పంతొమ్మిదేళ్లకు మూడు మాటలు. ఈసారి మాత్రం వాడి మొహం ఎర్రబడింది.

తప్పు వాడిది కాదు. ఈత క్లాసు, లెక్కల పోటీ, ఆ తర్వాత కాలేజీ దరఖాస్తులు, వీటికి వారం సరిపోయేది. తెలుగు తర్వాత చూద్దాం అనుకున్నాం. నేను తెలుగులో అడిగితే వాడు ఇంగ్లీషులో చెప్పేవాడు, నేనూ ఇంగ్లీషులోకి వెళ్లిపోయేదాన్ని. మార్కులు తప్ప మేము వాణ్ణి ఏమీ అడగలేదు. పక్కింటివాళ్లు కొడుకుని రెండేళ్లు అడిగారు, వాడు ఇచ్చాడు.

అందుకని మేమూ అడిగాం. సెలవుల్లో పది వారాలు నానమ్మ దగ్గర ఉండు. చుట్టపుచూపుగా కాదు. ఆవిడతో ఇంగ్లీషు మాట వద్దు. మాకు ఫోన్ వారానికోసారి. వాడు రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "నానమ్మకి నేను ఏం పని చెయ్యాలి?" అన్నాడు. ఆ ప్రశ్న వాడు వేస్తాడని నేను అనుకోలేదు. కంటి ఆపరేషన్, పెన్షన్ పని, రైతుబజారు, రాత్రిపూట మందులు, అన్నీ రాసిచ్చాం.

రెండో వారం ఫోన్లో ఏడ్చాడు. ఎండ, కరెంటు కోతలు, కిరాణా కొట్టు దగ్గర వాడి తెలుగు విని కుర్రాళ్లు నవ్వడం. నేను విమానం టికెట్లు వెతకడం మొదలుపెట్టాను. పక్కింటావిడ లాప్‌టాప్ మూసేసింది. "ఏడిస్తే వినండి. టికెట్ మాత్రం చూడకండి. మూడో నెలలో నేను చూశాను, చాలా కష్టమైంది ఆపుకోవడం" అంది.

అయిదో వారం వాడే ఒక సంగతి చెప్పాడు. నానమ్మని కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి వస్తుంటే తెల్లచొక్కాలు, నల్ల బ్యాడ్జిలతో ఇద్దరు కుర్రాళ్లు ఎదురయ్యారట. ఆ బ్యాడ్జి రాజమండ్రిలో చూసేసరికి వీడికి ప్రాణం లేచొచ్చింది. ఒకడు హైదరాబాదు, ఇంకొకడు తమిళుడు, తెలుగు నేర్చుకుంటున్నాడు. మతం సంగతి రాలేదట. ఆ తమిళబ్బాయీ వీడూ "వచ్చాను", "ఒచ్చేను" తేడా ఏమిటని అరగంట మాట్లాడుకున్నారట. నానమ్మ అరుగుమీద కూర్చోబెట్టి ముగ్గురికీ మజ్జిగ ఇచ్చిందట. వాళ్లు టీ తాగరని ఆవిడకు వీడే చెప్పాడు, తెలుగులో.

ఎనిమిదో వారం ఫోన్ నేను స్పీకర్లో పెట్టాను. మావారు గిన్నెలు కడుగుతున్నారు. వాడు ఆపరేషన్ తర్వాత చుక్కల మందు ఎన్నిసార్లు వెయ్యాలో చెబుతున్నాడు. వెనకనుంచి అత్తగారు గట్టిగా ఏదో పురమాయించారు, పాలవాడు వచ్చాడనో ఏమో.

"ఆయ్, వస్తున్నానండీ" అన్నాడు మావాడు, అచ్చం గోదావరి యాసలో. "అమ్మా, మళ్లీ వారం చేస్తాను, నానమ్మ పిలుస్తోంది."

ఫోన్ పెట్టేశాడు. మావారు కుళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే చాలాసేపు నిలబడ్డారు.