తిరుగుతనే ఉంది

పొద్దున ఏడు కాకముందే ఫోన్. బత్తాయి వ్యాపారం చేసే అన్న. "తమ్మీ, రేట్ల పేజీ తెరిస్తే చక్రం తిరుగుతనే ఉంది. రైతులు పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు. టన్ను ధర నేనే నోటితోని చెప్పాల్సి వస్తుంది."

ముఖం కూడా కడుక్కోకుండా లాప్‌టాప్ తెరిచి, ఆయనకు నేను చేసిపెట్టిన ఆ సైటు నడిచే సర్వర్‌కి రీస్టార్ట్ కొట్టాను. పేజీ టక్కున వచ్చింది. "అయిపోయిందన్నా" అని చెప్పి చాయ్ పెట్టుకున్నాను. చాయ్ పొంగకముందే మళ్లీ ఫోన్.

ఈసారి కుదురుగా కూర్చున్నాను. సర్వర్ మీద ఎంత భారముందో చూపే టాప్ కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ వాడకం 2 శాతం కూడా లేదు, మెమొరీ సగం ఖాళీ. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీది నీడ లాగా గ్రాఫ్ గీత కదలదు, మెదలదు. జనం ఎక్కువై సర్వర్ చతికిలపడిందంటే ఒక అర్థం ఉంది. పనే లేకుండా ఆగిపోవడం ఏంటి? ఇంకో వింత, లోగో బొమ్మ లింకు ఒక్కటే విడిగా తెరిస్తే వెంటనే వస్తోంది. బొమ్మల్ని ముందుండే ఇంజన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ తనే ఇచ్చేస్తుంది, పేజీలు మాత్రం వెనకున్న పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం తయారు చేయాలి. అంటే రోగం పీహెచ్‌పీ వైపే.

పీహెచ్‌పీ తన సంగతులు రాసుకునే లాగ్ చూస్తే, ఉన్న 5 వర్కర్లూ (ఒక్కోటి ఒకసారికి ఒక్క పేజీయే తయారు చేస్తుంది) నిండిపోయాయి, సంఖ్య పెంచుకోండి అని ఉంది. పెంచాను, 20కి. పావుగంట హాయిగా నడిచింది. తర్వాత ఆ 20 కూడా ఇరుక్కున్నాయి. లాగ్ అబద్ధం చెప్పలేదు, కానీ ఆ సలహా విన్నందుకు నాకు గంట పోయింది.

"రొట్టె సల్లగైతుంది బిడ్డా" అని అమ్మ రెండోసారి పిలిచింది. వస్తున్నానన్నాను.

చివరికి స్లోలాగ్ ఆన్ చేశాను. ఏ పేజీ అయినా 5 సెకన్లు దాటితే, అది కోడ్‌లో ఏ లైన్ దగ్గర నిలబడిపోయిందో రాసిపెడుతుంది. రెండు నిమిషాలకే ఫైలు నిండా ఒకటే లైన్. పేజీ పైన వాతావరణం చూపించే డబ్బా. రెండేళ్ల కింద నేనే పెట్టాను. పేజీ తెరిచిన ప్రతిసారీ వేరేవాళ్ల సర్వర్‌ని అడిగి వివరాలు తెస్తుంది. ఈ రోజు ఆ సర్వర్ ఒకసారి జవాబిస్తోంది, ఇంకోసారి గమ్మున ఉంటోంది. రీస్టార్ట్ నన్ను మోసం చేసింది అందుకే. ఇవ్వనని మొహం మీద చెప్పినా బాగుండేది, వెంటనే ఎర్రర్ వచ్చేది. ఉలుకూ పలుకూ లేకపోతే పీహెచ్‌పీ 60 సెకన్లు ఎదురుచూస్తుంది. ఒకేసారి ఐదుగురు రైతులు పేజీ తెరిస్తే చాలు, ఆరో మనిషికి చక్రమే.

30 సెకన్లు దాటిన స్క్రిప్టును పీహెచ్‌పీయే ఆపేస్తుంది కదా అని ఇన్నేళ్లూ ధీమాగా ఉన్నాను. లినక్స్‌లో ఆ 30 సెకన్లు స్క్రిప్టు తను పనిచేసిన సమయానికే లెక్కట. బయటి సర్వర్ కోసం కాచుకున్న సమయం అందులోకి రాదు. ఇది ఇవాళ తెలిసింది. ఎవరికీ చెప్పను.

ముందు ఆ లైనుకు 2 సెకన్ల గడువు పెట్టాను. తర్వాత పేజీలోంచే తీసేసి, చెప్పిన టైముకు పని చేసిపెట్టే క్రాన్‌కి అప్పజెప్పాను. అరగంటకోసారి అదే తెచ్చి ఒక ఫైల్లో దాస్తుంది, పేజీ ఆ ఫైలు చదువుకుంటుంది. అవతలివాళ్లు పలకకపోతే పాత వివరాలే కనిపిస్తాయి. వర్కర్లను మళ్లీ 5కే దించాను. మధ్యాహ్నం దాకా చూశాను, ఎక్కడా ఆగలేదు.

అన్నకు ఫోన్ చేసి వాతావరణం డబ్బా సంగతి చెప్పాను.

"గదెవరు జూస్తరు తమ్మీ? అందరు రేటు జూసి మూసేస్తరు. నేను గూడ ఎన్నడు జూడలే. తీసెయ్యరాదు?"

తియ్యలేదు. అప్పట్లో దానికి విడిగా బిల్లు వేశాను.