బావిల ఈత నేర్చినోనికి ఓపెన్ వాటర్ కోర్సు: నా అనుభవం

మాది హన్మకొండ, ఈత నేర్చింది మాత్రం ఊర్లె పెద్దనాన్నోళ్ల బావిల, నడుముకు బెండు కట్టి దొబ్బేసిండ్రు, అట్ల వచ్చింది. రూపాయి బిళ్ల అడుగుకేసి ఊపిరి బిగబట్టి తెచ్చుడు మా పందెం. అందుకే అండమాన్‌ల ప్యాడీ ఓపెన్ వాటర్ కోర్సు, అంటే సిలిండర్ గాలి పీల్చుకుంట సముద్రంల మునుగుడు నేర్పే స్కూబా డైవింగ్ మొదటి కోర్సు, నాకేం కష్టం అనుకున్న. తిప్పలు మొదలైందే ఆ ఊపిరి కాడ.

ముందైతే మెడికల్ ఫారం. ఉబ్బసం, సైనస్, చెవి ఆపరేషన్, ఏ ఒక్కదానికి అవును అని పెట్టినా డాక్టర్ సంతకం కావాలె. నాకు సైనస్ ఉండె, అబద్ధం రాయబుద్ధి కాలే, రెండు రోజులు దానికే పోయినయ్. కాజీపేటల రైలెక్కి చెన్నై, ఆడికెళ్లి ఫ్లైట్‌ల పోర్ట్ బ్లెయిర్, మళ్ల ఫెర్రీల హావ్‌లాక్, గదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్. 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలుడు అలకగ అయిపోయినయ్.

అసలు రూల్ ఏందంటే సిలిండర్ గాలి పీల్చుకుంట నీళ్లల్ల ఉన్నప్పుడు ఊపిరి అస్సలు బిగబట్టొద్దు. 10 మీటర్ల లోతుల ఒత్తిడి పైకంటే డబుల్ ఉంటది, ఆడ పీల్చిన గాలి పైకొస్తుంటే ఉబ్బుతది, బిగబడితే ఊపిరితిత్తులు పలుగుతయ్. బుర్రకు ఎక్కింది గని ఒళ్లు ఇంటదా? మాస్క్‌ల నీళ్లు నింపి ముక్కుతోని ఊది ఎల్లగొట్టుమన్నరు, ముక్కుకు నీళ్లు తగలంగనే నా ఊపిరి దానంతటదే బంద్, ఒకసారైతే ముక్కుతోనే పీల్చిన, ఉప్పునీళ్లు గొంతుల వడి దగ్గుకుంట లేచి నిలబడ్డ. నడుములోతు నీళ్లే, ఇజ్జత్ మాత్రం పోయింది. ముక్కుతోని పాట గునిగినట్టు "ఊఁ" అనుకుంట ఊదు భాయ్ అన్నడు ఇన్‌స్ట్రక్టర్, ఏడోసారికి వచ్చింది.

చెవులది ఇంకో కథ. మూడు మీటర్లకే పోటు, అచ్చం బావిల వచ్చే పోటే, అప్పుడు పండ్లు బిగబట్టి ఓర్చుకునేది. ముక్కు మూసి మెల్లగ ఊదాలెనట, అది కూడ నొప్పి లేవకముందే, దిగుకుంటనే ఊదుకుంట పోవాలె. ఈ ముక్క చిన్నప్పుడు ఒక్కలు చెప్పలే చూడు.

హావ్‌లాక్‌ల నీమో రీఫ్ అనే పగడాల దిబ్బకు ఒడ్డుకెళ్లే నడుసుకుంట దిగొచ్చు, కొత్తోళ్లకు గదే మంచిగుంటది. నాకైతే పడవ మీద పోయిన నాలుగో డైవ్ మర్వరాదు. చేతికి భద్రకాళి గుడి ఎర్రదారం ఉండె, 12 మీటర్ల కాడ చూస్తే నల్లగ మాడిపోయినట్టుంది, అంత లోతుకు ఎరుపు చేరదట. ఇన్‌స్ట్రక్టర్ టార్చ్ కొట్టిండు, భగ్గున ఎర్రగైంది. సిలిండర్ల గాలి తగ్గినట్టు గేజీ చూపియ్యంగనే లేసినం, 5 మీటర్ల కాడ 3 నిమిషాలు ఆగినం, ఆ మూడు నిమిషాలు దారమే చూసుకుంట ఉన్న.

ఇంకోటి, ఆఖరు డైవ్ అయినంక 18 గంటలన్న ఫ్లైట్ ఎక్కొద్దు, టికెట్ చూసుకొని చేసుకోండ్రి. డిక్సన్స్ పినాకిల్ అని ఆడనే ఇంకో లోతు డైవింగ్ జాగ మస్తుంటదంటరు, గని ఈ కోర్సుకు ఇచ్చే కార్డుకు 18 మీటర్లే హద్దు, దానికి అడ్వాన్స్‌డ్ కోర్సు చెయ్యాలె, పైసలు జమ చేస్తున్న. అంతదాక గదే బావి. అన్న కొడుక్కు ముక్కు మూసి ఊదుడు నేర్పిన, ఇప్పుడు బిళ్ల నాకంటే ముందు వాడే తెస్తున్నడు.