షార్జా బెంజికి బెజవాడ బుష్షులు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీకి లారీ వస్తే ముందు లాప్‌టాప్ తగిలిస్తారు. అది ఏ పార్టు పోయిందంటే ఆ పార్టు విప్పి కొత్తది బిగిస్తాం. జీతానికి లోటు లేదు, విసుగుకీ లేదు. పదో తరగతి తప్పి బెజవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ గారి దగ్గర నేర్చుకున్న పనంతా ఇక్కడ ఎందుకూ కొరగాదనే అనుకున్నాను, ఆ బానెట్ బెంజి వచ్చేదాకా.

బండి మా అర్బాబ్, అంటే మా యజమాని, స్నేహితుడిది. వాళ్ళ నాన్న నీళ్ళ ట్యాంకరుగా తిప్పిన మెర్సిడెస్ ఎల్ 1113. 1959లో మొదలైన పొట్టి బానెట్ వరసలోది. మన టాటా 1210 లారీ లాగే దీని జాతకమూ అంకెలోనే ఉంది: పదకొండు టన్నులు, 130 గుర్రాలు. ఊరవతల తోటలో ఏళ్ళ తరబడి నిలబడిపోయింది. ఎడారి పొడిగాలికి ఇనుము పెద్దగా తుప్పు పట్టలేదు గానీ రబ్బరూ వైర్ల తొడుగులూ చేత్తో నలిపితే పొడైపోతున్నాయి.

బానెట్ ఎత్తితే లోపల ఓఎం 352 ఇంజను. ఆరు సిలిండర్లు, బోరు, అంటే సిలిండరు వెడల్పు, 97 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ నడిచే దూరం, 128. టాటా 697 ఇంజను అంటే ఏంటని ఆటోనగర్‌లో ఏ కుర్రాణ్ణడిగినా చెబుతాడు, ఆరు సిలిండర్లు, 97 బోరు అని. స్ట్రోకు కూడా అంతే. టాటా వాళ్ళ టెల్కో కంపెనీ 1954 నుంచి 1969 దాకా డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేసింది, ఆ చుట్టరికం ఇది. బెంజి సర్కిల్‌కి ఆ పేరు కూడా అక్కడ ఒకప్పుడున్న బెంజి కంపెనీ వల్లే వచ్చిందని మా పెద్దవాళ్ళంటారు. "దీని తమ్ముణ్ణి విప్పీ బిగించీ పెరిగాను" అన్నాను మా మలయాళీ ఫోర్‌మన్‌తో. పక్కనున్న పెషావర్ పఠాన్ మాత్రం బెడ్‌ఫోర్డ్ లారీ ముందు ఇదెంత అని పెదవి విరిచాడు.

ఏం మార్చాలి, ఏం ఉంచాలి అన్నదాని మీదే పెద్ద గొడవ. ఓనరు కొడుక్కి టర్బో కావాలి. బెంజి వాళ్ళే టర్బోతో 352ఏ చేశారు కాబట్టి అడగడంలో తప్పు లేదు. కానీ పాత పిస్టన్లు, పాత రేడియేటరు, పాత గేరుబాక్సు పెట్టుకుని దమ్ము మాత్రం పెంచితే ఎక్కడో ఒకచోట తన్నేస్తుంది. బ్రేకులు చూద్దాం ముందు అన్నాను. ఈ బండికి ఒకటే సర్క్యూట్, ఒక్క పైపు పగిలితే నాలుగు మూలలా బ్రేకు పోయినట్టే. దాన్ని రెండు సర్క్యూట్లు చేశాం, పవర్ స్టీరింగ్ పెట్టాం, వైరింగంతా పీకి ఫ్యూజు బాక్సుతో కొత్తది లాగాం. ఏసీ వద్దన్నాను గానీ అక్కడ నేను ఓడిపోయాను. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. రేకుల షెడ్డు కింద ఎండ లేదుగా అంటాడు మా మేనేజరు. ఆ రేకుల కిందే, చెమట కళ్ళల్లోకి కారుతుంటే, ఆ ఏసీ బిగించాను.

అసలు చిక్కు ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసు కడ్డీలు, కింగ్ పిన్నుల దగ్గరొచ్చింది. చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్‌లో ఆ పిన్నులు దూరే కన్నాలు అరిగి పెద్దవయ్యాయి, పిన్ను చుట్టూ తొడిగే కంపెనీ కొలత బుష్షులు లోపల వదులుగా ఆడుతున్నాయి. బయటి కొలత పెంచి నాలుగు బుష్షులు లేత్ మీద తిప్పించుకోవాలి. షార్జాలో లేత్‌లు లేక కాదు. నాలుగు బుష్షుల కోసం మిషను ఆపేవాడు దొరకడు, యాక్సిలే మార్చేయమంటారు. సరే, ఎలాగూ సెలవు దగ్గరపడింది, కొలతలు రాసుకుని ఇంటికొచ్చాను.

మేస్త్రీ గారు కళ్ళజోడు పైకి నెట్టి కాగితం చూశారు. "ఏరా అబ్బాయ్, దుబాయ్‌లో ఉండి బుష్షుల కోసం బెజవాడొచ్చావా?"

"షార్జా అండి."

"ఏదో ఒకటిలే. గ్రీజు కన్నం ఎక్కడేయాలి?"

కొలత చెప్పబోతే ఆపేశారు. "ఇక్కడేయించకు. బుష్షు దిగేటప్పుడు వెంట్రుక వాసి తిరిగినా కన్నం గ్రీజెక్కించే నిపుల్‌కి కలవదు. గ్రీజు గోడకి కొట్టుకుంటుంది, పిన్ను ఎండిపోతుంది. ముందు బుష్షు కొట్టు, తర్వాత నిపుల్ కన్నంలోంచే డ్రిల్ దింపు. ఆఖర్న లోపలి కన్నం కొలతకి రావడానికి రీమరు పట్టు. పైదీ కిందదీ ఒకే రీమరుతో, ఒకే వరసలో పోవాలి."

ఆయన చెబుతుండగానే లేత్ కుర్రాడు గన్‌మెటల్ కడ్డీ బిగించాడు. పసుపు రజను వాడి మోచేతి దాకా పడుతోంది. లోపలి వైపు గ్రీజు నడవడానికి మెలికల గాడి కూడా, అడక్కుండానే, తీసిచ్చాడు. అడిగిన కూలి విని నాకే మొహమాటమేసింది. అదే పని షార్జాలో బిల్లు మీద రెస్టోరేషన్ అని పడుతుంది, గంటకింతని లెక్క. బెజవాడలో రిపేరు, లేత్ కూలీ బేరం.

బుష్షులు ఆవకాయ జాడీ పక్కన సూట్‌కేసులో వచ్చాయి. ఎయిర్‌పోర్టులో స్కానరు దగ్గర ఆపి, జాడీ మూత కూడా తీయించి, రెండూ చూసి వదిలేశారు. మేస్త్రీ గారు చెప్పిన వరసలోనే దింపాను. ఆఖర్న పిన్ను బొటనవేలితో నొక్కితే నిదానంగా జారింది, గ్రీజు గన్ను కొడితే బుష్షు అంచుల్లో చుట్టూ సమంగా ఊరింది. పఠాన్ వంగి చూసి ఏమీ అనలేదు. అతని విషయంలో అది మెచ్చుకోలే.

ఇప్పుడు ఓనరు పెద్దకొడుకు ఒక పాత బెడ్‌ఫోర్డ్ కొన్నాడట. పఠాన్ ఆనందం చెప్పనలవి కాదు. నాకే తిప్పలు. అది ఇంగ్లీషు బండి, నట్లన్నీ అంగుళాల లెక్క, నా దగ్గరున్న స్పానర్లన్నీ మిల్లీమీటర్లవి. మన దేశంలోనూ హిందుస్తాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డులు తిరిగాయి కదా, పాత సామాన్ల కొట్లలో అంగుళాల సెట్టు ఏమైనా మిగిలిందేమో చూడమని మేస్త్రీ గారికి నిన్న ఫోన్ చేశాను.